వదంతియు వ్యాధియు: 1896 ప్లేగు నుండి 2020 కరోనా వఱకు

‘వదంతి’ యను పదము ‘వద’ ధాతువునకు సంబంధించినది. ‘చెప్పుకొనుచున్నారు’ అనుట దాని తాత్పర్యము. చెప్పుచున్నవారెవ్వరో ఆ పదమున లేదు; లేకపోవుటయే దాని లక్షణము. మన వ్యవహారమున దీనికి తోడుగా ‘గాలిమాట’ యను తెలుగు పలుకును, హిందూస్థానీనుండి వచ్చిన ‘పుకారు’ అనునదియు కలవు. పుకారనగా మూలభాషలో పిలుపు, కేక. ఈ మూటిలో దేనియందును వక్తకు తావు లేకుండుట గమనింపదగినది. మన ప్రాచీన తార్కికులు ఇట్టి మాటనే ‘ఐతిహ్యము’ అను పేర చర్చించిరి. మూలవక్త నిర్దేశింపబడక పరంపరగా వచ్చిన మాట ఐతిహ్యము. మఱ్ఱిచెట్టున యక్షుడున్నాడను వార్త దీనికి శాస్త్రకారులు తఱచుగా చూపు ఉదాహరణము. గౌతముడు దీనిని ప్రత్యేక ప్రమాణముగా అంగీకరింపక శబ్దప్రమాణమున చేర్చెను. కాని శబ్దము ప్రమాణమగుటకు వక్త ఆప్తుడు కావలెను. అనగా విషయము నెఱిగినవాడును, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడును కావలెను. వక్తయే తెలియనప్పుడు ఆప్తత్వము నిర్ణయించుటెట్లు?

ఈ ప్రశ్న 2020లో తర్కగ్రంథములను విడిచి ఇంటింటికిని వచ్చెను. కరోనా వ్యాధి చీనాదేశమునుండి ఇతరదేశములకు ప్రాకుచున్న దినములలో, ఫిబ్రవరి 15న మ్యూనిక్ నగరమున మాటలాడుచు, ప్రపంచ ఆరోగ్యసంస్థ అధినేత తాము పోరాడుచున్నది వ్యాధితో మాత్రమే కాదనియు, దానితోపాటు వ్యాపించుచున్న అసత్యసమాచారముతోడను అనియు చెప్పెను. అందులకాయన వాడిన ‘ఇన్ఫోడెమిక్’ అను పదమును మనము ‘సమాచారమారి’ యని పిలువవచ్చును. సామాజిక మాధ్యమములు పుట్టుటచేతనే ఈ మారి పుట్టినదని నాడు పలువురు తలంచిరి. ప్రజల అజ్ఞానమే దీనికి మూలమని మఱికొందఱు తలంచిరి. ఈ రెండభిప్రాయములును చరిత్రముముందు నిలువజాలవని తోచుచున్నది. దానిని పరిశీలించుటకు నూటయిరువదినాలుగేండ్లు వెనుకకు పోవలసియున్నది.

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతమున ప్లేగును మొదట గుర్తించినవాడు డాక్టరు వియేగాస్. అక్టోబరు 6న పురపాలక కమిషనరు స్నో, రోగులను బలవంతముగనైనను ఆసుపత్రికి తరలించు అధికారము తమకు గలదని ప్రకటించెను. ఆ నెల 29న సుమారు వేయిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడిచేసిరి. నాడు నగరమున వ్యాపించియున్న వదంతులు భయంకరమైనవి. ఆసుపత్రికి పోయినవాడు తిరిగిరాడట. అచట రోగులను చంపి, శరీరములను తలక్రిందుగా వ్రేలాడదీసి, క్రింద సన్నని మంట పెట్టి, కారిన క్రొవ్వునుండి ‘మొమియాయి’ యను తైలమును తీయుచున్నారట. ఆ అక్టోబరులోనే నగరమందలి విక్టోరియా రాణి విగ్రహమునకు ఎవరో తారు పూసిరి. ఆ యవమానమునకు కోపించిన రాణి, ప్రాయశ్చిత్తముగా ప్రజల కాలేయములను కోరినదని మఱియొక వదంతి.

ఇట్టి మాటలను చదివి నవ్వుట సులభము. నాటి అధికారులు నవ్విరి కూడ. కాని ఈ కథలయందు ఒక వరుస కలదు. అన్నిటియందును వస్తువు ఒక్కటియే: అధికారము ప్రజల దేహమును పట్టుకొనుట. భూమిశిస్తును గూర్చియో, ఉప్పుపన్నును గూర్చియో ఇట్టి కథలు పుట్టలేదు. ప్రభుత్వము ఇంటిలోనికి వచ్చి, చంకలను గజ్జలను తడిమి, రోగిని బంధువులనుండి వేఱుచేసినప్పుడు పుట్టెను. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టము చేయబడెను. స్వల్పమైన ఆ శాసనము ప్రభుత్వమునకు అనల్పమైన అధికారము నొసగెను. పుణ్యపట్టణమున రాండ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము గృహశోధనకు తెల్లసైనికులను నియోగించెను. వంటయిండ్లును, దేవతార్చన గదులును కూడ శోధింపబడెను. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చిరి. అతడు జూలై 3న మరణించెను. తిలక్ తన కేసరి పత్రికలోని వ్రాతలకై రాజద్రోహనేరమున శిక్షింపబడెను. ఆ తిలకే పుణ్యపట్టణమున హిందువుల కొఱకు ఒక ప్లేగు ఆసుపత్రిని నెలకొల్పినవారిలో నొకడనుట మఱువరాదు. సావిత్రీబాయి ఫూలే తన పెంపుడుకుమారుని వైద్యశాలలో ప్లేగురోగులకు ఉపచారము చేయుచు, ఆ వ్యాధియే సోకి 1897 మార్చి 10న మరణించెను. ప్రజలు వైద్యమును ద్వేషించిరను మాట పూర్తిగా సత్యము కాదు.

ఇచట మఱియొక విషయము చెప్పవలసియున్నది. వదంతి అసత్యము సరియే. ప్రభుత్వపక్షమున నున్నదంతయు సత్యమా? యెర్సిన్ 1894లో హాంకాంగున ప్లేగు సూక్ష్మజీవిని కనుగొన్నమాట నిజమే. కాని అది మనుష్యునికి ఏ మార్గమున వచ్చుచున్నదో 1896లో ఎవ్వరును నిశ్చయింపలేదు. బొంబాయి అధికారులు మురుగుకాలువలలో కార్బాలికామ్లమును పోయించిరి, గోడలకు సున్నము కొట్టించిరి, రోగుల వస్త్రములను తగులబెట్టించిరి. ఎలుకమీది కీటకము ఈ వ్యాధిని మోయుచున్నదని సీమోఁ 1898లో కరాచీలో కనుగొనెను. దానిని వైద్యలోకము అంగీకరించుటకు మఱికొన్నియేండ్లు పట్టెను. కావున ఒక పక్షమున శాస్త్రమును, మఱియొక పక్షమున మూఢత్వమును నిలిపి ఈ చరిత్రమును వ్రాయుట న్యాయము కాదు. ఒక పక్షమున అధికారబలముగల అసంపూర్ణజ్ఞానమును, మఱియొక పక్షమున భయమును ఉండెను.

టీకా విషయమున ఇది మఱింత స్పష్టమగును. హాఫ్‌కిన్ బొంబాయిలో ప్లేగు టీకాను సిద్ధముచేసి 1897 జనవరి 10న మొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. తరువాతి సంవత్సరములలో ఆ టీకాను గూర్చి పంజాబున వ్యాపించిన కథలను నాటి అధికారులు నమోదు చేసియున్నారు: సూది గజము పొడవుండునట, పొడిచినవెంటనే మరణము కలుగునట, పురుషులు పుంస్త్వమును కోల్పోవుదురట, స్త్రీలు గొడ్రాండ్రగుదురట, డిప్యూటీ కమిషనరే పొడిపించుకొని అరగంట విలవిలలాడి చనిపోయెనట. ఈ కడపటి వదంతి మిక్కిలి చమత్కారమైనది. పెద్దవాడు టీకా పొడిపించుకొన్నచో జనులు నమ్ముదురని ప్రభుత్వము తలంచెను. వదంతి ఆ పెద్దవానినే చంపివైచెను.

ఇట్లుండగా 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున 107 మందికి టీకా వేసిరి. అందు ఒకే సీసానుండి మందు పొందిన 19 మంది ధనుర్వాతము సోకి మరణించిరి. విచారణసంఘము బొంబాయిలోని ప్రయోగశాలపై దోషము మోపగా హాఫ్‌కిన్ పదవిని కోల్పోయెను. సీసా తెఱచునప్పుడు సహాయకుని చేతినుండి పట్టుకారు నేలబడినదనియు, దానిని తగినట్లు శుద్ధిచేయలేదనియు సాక్ష్యముండెను. అనగా దోషము గ్రామమున జరిగినదేగాని ప్రయోగశాలలో కాదు. 1907లో రోనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రవేత్తలు లండన్ టైమ్స్ పత్రికలో హాఫ్‌కిన్ నిర్దోషిత్వమును చాటిరి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమయందు మలేరియా బీజమును చూచిన రాస్ ఈతడే. శాస్త్రవేత్తకు న్యాయము చేకూరుటకే ఇన్నియేండ్లు పట్టెను. ఇక గ్రామస్థుని దృష్టితో చూడుడు. టీకా పొడిచిన చచ్చిపోవుదురని వదంతి చెప్పెను, పందొమ్మిదిమంది చనిపోయిరి. అతనికి విచారణసంఘపు నివేదిక చేరునా? ఒక్క యథార్థదుర్ఘటన వేయి అసత్యములకు ఆప్తత్వమును కల్పించుననుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము మనదేశచరిత్రమున దొరకదు.

1898 మార్చిలో బొంబాయిలో మరల కల్లోలము రేగిన పిమ్మట ప్రభుత్వము క్రమముగా బలప్రయోగమును సడలించెను. ఆయా కులములవారు, మతములవారు తమ ఆసుపత్రులను తాము నడుపుకొనుటకు ప్రోత్సాహము లభించెను. వైద్యుల, హకీముల సహాయము కోరబడెను. మదరాసు రాజధానిలో మాత్రము ప్రయాణికులకు ‘ప్లేగు పాస్‌పోర్టులు’ ఇచ్చి నిత్యము హాజరు పెట్టించు పద్ధతి నడచెను. వదంతులు నశింపలేదు, కాని అవి దాడులుగా మాఱుట అరుదయ్యెను. మరల 1900 ఏప్రిలులో కాన్పూరున బలవంతపు నిర్బంధశిబిరము తలయెత్తినంతనే జనులు దానిపై బడిరి.

1897 నాటి ఆ చట్టము స్వాతంత్ర్యానంతరమును శాసనగ్రంథమున నిలిచియుండెను. 2020 మార్చి 11న కేంద్రప్రభుత్వము దాని రెండవ విభాగమును అమలుపఱుపుడని రాష్ట్రములను కోరెను. ఈ మాఱు పలు రాష్ట్రముల నిబంధనలలో ఒక క్రొత్త విషయము చేరెను: వ్యాధినిగూర్చి అసత్యవార్తలను ప్రచారము చేయుటయు నేరముగా ఎంచబడెను. చట్టము పాతది, భయము పాతది. మార్గము మాత్రము క్రొత్తది.

ఆంధ్రప్రదేశమున ఒక్క రోగియు నిర్ధారింపబడకమునుపే, 2020 ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లా వాసి యొకడు సెల్‌ఫోనులో వీడియోలను చూచి చూచి, తన జ్వరము కరోనాయే యని నిశ్చయించుకొని, కుటుంబమునకు అంటునను భయమున ప్రాణము తీసికొనెను. అతని వ్యాధి కరోనా కాదు. మనకు చేరినవానిలో సమాచారమారికి తెలుగునాట కలిగిన తొలిమరణ మిదియే కావచ్చును. ఏప్రిలులో అదే జిల్లాలోని రెండు కుటుంబములవారు పదిమందికి పైగా, చిన్నపిల్లలతో సహా, ఉమ్మెత్తగింజల రసము త్రావి ఆసుపత్రి పాలైరి. ఆనాడు మనదేశమున చెల్లుచుండిన టిక్‌టాక్ అను మాధ్యమమున ఒక వీడియో వారికా యుపాయమును నేర్పెను. ముండ్లతో గుండ్రముగా నుండు ఉమ్మెత్తకాయ, పత్రికలలో ముద్రింపబడిన కరోనా సూక్ష్మజీవి చిత్రమును పోలియుండుటయే అందలి హేతువు. ఆకారసాదృశ్యమును బట్టి ఔషధమును నిర్ణయించుట ప్రపంచమంతట ప్రాచీనమైన పద్ధతియే. వింత యేమనగా, ఇచట సాదృశ్యమునకు ఉపమానము సూక్ష్మదర్శినిలో గాని కనబడని ఒక జీవి. శాస్త్రము చూపిన చిత్రముపైననే వదంతి తన మందును నిర్మించుకొన్నది.

1896 నాటి వదంతికిని 2020 నాటిదానికిని గల ముఖ్యభేద మిచటనే యున్నది. మొమియాయి కథను చెప్పినవా డేపెద్దవాని పేరును చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును లేదు. 2020 నాటి సందేశములు అట్లు కావు. పది సెకనులు ఊపిరి బిగబట్టగలిగినచో వ్యాధి లేనట్లే యను మాట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము పేర తిరిగెను. ఆ విశ్వవిద్యాలయము అది తమది కాదనెను. ఐస్‌క్రీము తినరాదనియు, ఎండవేడిమికి సూక్ష్మజీవి చచ్చుననియు చెప్పు సందేశము యునిసెఫ్ పేర తిరిగెను. ఆ సంస్థయు కాదనెను. అనగా వదంతి ఆప్తుని వేషమును ధరించినది. తార్కికుల పరిభాషలో చెప్పవలెనన్న ఇది ఐతిహ్యము కాదు, కూటశబ్దము. శాస్త్రమునందు విశ్వాసము లేనివాడు శాస్త్రసంస్థ పేరు వాడుకొనడు, విననువినడు. కావున అజ్ఞానమే కారణమను వాదము ఇచట బొత్తిగా సరిపడదు. విద్యావంతుల బృందములలోనే ఇట్టి సందేశములు మిక్కుటముగ తిరిగిన సంగతి మనలో నెవ్వరికి తెలియదు?

రెండవభేదము అంతకంటె సూక్ష్మమైనది. మౌఖికవదంతిలో చెప్పువాడు ఎదుట నిలుచును. అతని ముఖము, కంఠము, పూర్వవృత్తాంతము శ్రోతకు తెలియును. కొంత తఱుగువేసి వినును. వాట్సాప్ సందేశమున వక్త వేఱు, పంపినవాడు వేఱు. వ్రాసినవాడెవడో తెలియదు, పంపినవాడు మేనమామయో, పెద్దమ్మయో, చిన్ననాటి మిత్రుడో యగును. అపరిచితుని మాటకు ఆత్మీయుని పరపతి అంటుకొనును. పంపినవానికి బాధ్యత లేదు, ‘నాకు వచ్చినది, పంపితిని’ అనును. పొందినవానికి సందేహింప మొగము చెల్లదు. పెద్దమ్మ మాటను నలుగురిలో ఖండించుట మన యిండ్లలో సులభమైన పనియా?

ఈ పద్ధతికి తెలుగునాట ఒక పూర్వరూపము కలదు. ఒక యాలయమున సర్పము మనుష్యరూపమున పలికెననియు, ఈ సంగతిని ఇన్ని ప్రతులు ముద్రించి పంచినవానికి ధనలాభము, చింపి పాఱవైచినవానికి కీడు కలుగుననియు చెప్పు కరపత్రములను, పోస్టుకార్డులను ఎఱుగనివారు మనలో తక్కువ. అందును వక్త లేడు, పంపినవాడు కలడు. అయితే ఆ కరపత్రమునకు అచ్చుకూలియు, కార్డునకు తపాలాఖర్చును కావలెను. ఆ కొద్ది వ్యయము వదంతికి కళ్లెమువలె నుండెను. ఫోనున ఆ కళ్లెము తెగిపోయెను. 2018లో మూకదాడుల పిమ్మట వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒకేమాఱు అయిదు సంభాషణలకు మించి పంపరాదని నియమించెను. 2020 ఏప్రిలులో, పలుమార్లు చేతులు మాఱిన సందేశమును ఒక్కొక్క సంభాషణకే పంపవలెనని బిగించెను. దానిచే అట్టి సందేశములు నూటికి 70 వంతులు తగ్గినవని ఆ సంస్థ ప్రకటించెను. సత్యాసత్యవిచారణతో దీనికి సంబంధము లేదు. పంపువాని వ్రేలికి కొంత శ్రమ కల్పించుట మాత్రమే.

ఇతరదేశములందును ఇట్టి యనర్థములే జరిగెను. మద్యము సూక్ష్మజీవిని చంపుననుమాట నమ్మి ఇరానులో కల్తీసారాయి త్రావి 700 మందికి పైగా మరణించిరి. ఇంగ్లండులో ఫోను గోపురములు వ్యాధిని పుట్టించుచున్నవని కొందఱు వానిని తగులబెట్టిరి. మనదేశమున కోడిమాంసముచే కరోనా వచ్చునని 2020 ఆరంభమున వ్యాపించిన వదంతి కోళ్ల పెంపకపుదారులను అప్పులపాలు చేసెను. ఫిబ్రవరి చివర హైదరాబాదులో తెలంగాణ మంత్రులు బహిరంగసభలో వేదికపై కోడిమాంసము భుజించి చూపిరి. హాఫ్‌కిన్ తన దేహమునే ప్రమాణముగా చూపినట్లే యిదియును. నేత తన శరీరమును సాక్ష్యమిచ్చుట ఈ చరిత్రమున మాటిమాటికిని కనబడును.

2021లో టీకాలు వచ్చినపుడు పంజాబు కథలు ఇంచుమించు అక్షరశః మరల పుట్టెను. టీకా వలన పురుషత్వము నశించునను మాట ఎంతగా వ్యాపించెననగా, ఆ జనవరి 3న టీకాలకు అనుమతిని ప్రకటించు సందర్భముననే ఔషధనియంత్రణాధికారి దానిని ఖండింపవలసివచ్చెను. మార్చి 1న ప్రధానమంత్రి స్వయముగా టీకా వేయించుకొని ఆ చిత్రమును ప్రకటించెను. మే నెలలో ఉత్తరప్రదేశమందలి బారాబంకీ జిల్లాలో టీకా వేయవచ్చినవారిని చూచి కొందఱు గ్రామస్థులు సరయూనదిలో దుమికిరి. ఏప్రిలులో తమిళ హాస్యనటుడు వివేక్ టీకా వేయించుకొనిన మఱునాడు గుండెపోటునకు గుఱియై 17వ తేదీన మరణించెను. ఈ రెంటికిని కార్యకారణసంబంధము లేదని నిపుణులు తరువాత తేల్చిరి. కల్పితుడైన డిప్యూటీ కమిషనరు స్థానమున ఈ మాఱు నిజముగా మరణించిన ప్రియనటుడు నిలిచెను. ఒక జాతి టీకాచే మిక్కిలి యరుదుగా రక్తము గడ్డకట్టుట గలదని ఐరోపా ఔషధసంస్థ ఏప్రిల్ 7న అంగీకరించెను. అట్లు అంగీకరించుట ముల్కోవాల్ నాటి రీతికంటె మేలైనది. అప్పు డైదేండ్లు పట్టినది ఇప్పుడు వారములలో జరిగెను. అయినను వదంతి ఆ యంగీకారమునే తన సాక్ష్యముగా వాడుకొనెను.

నెల్లూరు జిల్లా కృష్ణపట్టణము సంగతి యిందుకు భిన్నమైనది. 2021 మే నెలలో, ఆసుపత్రులలో మంచములును ప్రాణవాయువును దొరకని దినములలో, అచట ఆనందయ్య ఉచితముగా ఇచ్చుచుండిన మూలికామందుకై వేలాది జనులు మూగిరి. వారిని రప్పించినవి సెల్‌ఫోనులలో తిరిగిన వీడియోలు. ప్రభుత్వము పంపిణీ నాపి, పరీక్షలు చేయించి, నెల చివర కంటిచుక్కలు తప్ప తక్కినవానికి అనుమతి నొసగెను. హాని కనబడలేదనుటయు, గుణము ఋజువైనదనుటయు వేఱువేఱు మాటలు. కాని ప్రచారమున ఆ రెండును ఒక్కటియే యయ్యెను. ఇచట జనులు వైద్యమునుండి పాఱిపోలేదు, వైద్యమును వెదకికొనుచు వచ్చిరి. మందు ఇచ్చువాడు తమ యూరివాడు, తమ భాషవాడు, డబ్బు కోరనివాడు. బొంబాయి కార్మికునికి ఆసుపత్రిలో లభింపనిది ఈ మూడే. ఆ మందు గుణమును గూర్చి తీర్పు చెప్పుట వైద్యుల పని. ఆ జనసమూహమును అజ్ఞానులని కొట్టివేయుట మాత్రము చరిత్రకారునికి తగదు.

ఈ విషయమున మనకున్న ఆకరముల స్థితి విచిత్రముగా నున్నది. 1896 నాటి వదంతులు మనకు చేరినది అధికారుల ఆంగ్లలేఖనముల ద్వారమున. మిల్లు కార్మికుడు ఏ మరాఠీ పలుకులతో ఆ కథను చెప్పెనో తెలియదు. 2020 నాటి తెలుగు వదంతులు తమ మాటలలోనే, తమ యాసలోనే వ్రాతగా, కంఠధ్వనిగా వెలువడెను. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను జనుల నోటినుండి వ్రాసికొన్నట్లు వీనిని వ్రాసికొనవలసిన యక్కఱ లేదు. అవి స్వయముగనే లిఖితములు. అయినను నిలుచుట లేదు. వాట్సాప్ సందేశములు పంపినవాని ఫోనునను పొందినవాని ఫోనునను తప్ప మఱెచటను చదువశక్యము కానట్లు గూఢీకరింపబడియున్నవి. ఫోను మార్చినచో అవియు పోవును. అసత్యనిరూపణ చేయు సంస్థల వద్దనున్నవి వారు ఖండించుటకై ఏఱినవి మాత్రమే. 2020 జూన్ 29న టిక్‌టాక్ మనదేశమున నిషేధింపబడుటతో, అందలి తెలుగు వీడియోలన్నియు ఒక్కమాఱుగా మనకు చూడరానివయ్యెను.